పరీక్ష కవర్లు

"మా పెళ్ళి ఫోటోలు ఇంకో కాపీ కావాలి" అని ఎవరైనా వస్తే, ఫోకస్ బాబాయి "ఏ కెమెరాతో తీశాను?" అని ఎదురడిగేవాడు. వచ్చినవాళ్ళు తెల్లమొహం వేసేవారు. ఆయన మాత్రం ఆ రోజు హాల్లో వెలుతురెంతో, ఫ్లాష్ ఎన్నిసార్లు మొరాయించిందో గుర్తుచేసుకుని, "రెండు కళ్ళ కెమెరా, అయిదో డబ్బా" అని, పైనొకటి కిందొకటి లెన్సులున్న పాత కెమెరాను తలుచుకుని తేల్చేవాడు. నిమిషంలో ఆ నెగటివ్‌ల కవరు బయటికి తీసేవాడు. నలభై ఏళ్ళూ స్టూడియో అలాగే నడిచింది. వెనకగదిలో వరసగా పదిహేడు రేకు డబ్బాలు. ఏ ఒక్కదాని మీదా మనిషి పేరుండదు. కెమెరాలవీ, లెన్సులవీ తప్ప.

స్టూడియో మూసేశాక డబ్బాలు ఇంటికొచ్చాయి. లైబ్రరీలో పనిచేసే కూతురు రెండు రోజులు సెలవు పెట్టి మరీ వచ్చి, చీర కొంగు బిగించింది.

"ఇదేం సర్దుడు నాన్నా? ఏ ప్రెస్సులో అచ్చయిందో చూసి పుస్తకాలు సర్దుతామా? పెళ్ళిళ్ళొక చోట, పసిపిల్లలొక చోట, మనింటివాళ్ళొక చోట పెడదాం."

"మనింటివాళ్ళా?" బాబాయి డబ్బాలకు అడ్డంగా జరిగాడు.

ఆయన భయం ఆయనది. పెళ్ళయిన కొత్తలో భార్యకు తీసిన మొదటి ఫోటోలో ఆవిడకు ఒక కన్ను మూతపడింది. "ఇంకోసారి నా మీదికి కెమెరా ఎత్తారా, మీ వంట మీరే వండుకోండి" అందావిడ. బాబాయి ఒట్టేశాడు. కానీ కొత్త లెన్సు చేతికొచ్చాక గోడను ఫోటో తీసి ఊరుకునే మనిషి కాదాయన. కొన్నదల్లా మొదట కిటికీ చాటునుంచి ఆవిడ మీదే పరీక్షించేవాడు. ఆ ఫోటోలను కవర్లో పెట్టి, పైన 'పరీక్ష' అని రాసి, ఆ లెన్సు డబ్బాలోనే అడుగున తోసేవాడు. డబ్బాకొక పల్చటి కవరు. ఎవరికీ అనుమానం రాదు. ఇప్పుడు కూతురి లెక్కన సర్దితే పదిహేడూ ఒకే గూటికి చేరతాయి.

"ఆ పరీక్ష కవర్లు నేను చూసుకుంటాలే. అదంతా చెత్త."

"చెత్తయితే పారేద్దాం."

"వద్దు!"

ఆ కేకకు వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. "ఏం పరీక్షలండీ అవి? ఒక్కటైనా పాసయ్యారా?"

కూతురు అప్పటికే ఒక కవరు విప్పింది. తండ్రి వంక చూసింది. నవ్వు బిగబట్టి రెండోది విప్పింది, మూడోది విప్పింది. దొంగ దొరికాక పోలీసుకు ఉండే ఓపికతో పదిహేడూ పేర్చి, పైన 'అమ్మ' అని చీటీ పెట్టింది.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, కళ్ళజోడు పెట్టుకుంది. బట్టలు ఆరేస్తూ అమ్మ. కుక్కర్ మూతతో కుస్తీ పడుతూ అమ్మ. కారే కుళాయిని వేలెత్తి బెదిరిస్తూ అమ్మ. కుర్చీలో నోరు తెరిచి నిద్రపోతూ అమ్మ. బాబాయి కూరలసంచి తీసుకుని గుమ్మం వైపు జరిగాడు.

"ఆగండి. ఒట్టేసినట్టు గుర్తుందా?"

"ఫోటోలనుకొని తియ్యలేదే. లెన్సు బాగుందో లేదో చూద్దామని..."

"ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నారా?"

బాబాయి సంచి మడతలు సర్దాడు. ఆవిడ మళ్ళీ మొదటినుంచి అన్నీ తిరగేసింది. ఆఖరికి కూతురితో అంది:

"ఇవి మాత్రం కలపకే. మీ నాన్న పెట్టినట్టే కెమెరా ప్రకారం ఉంచు. ఏది నన్ను పీపాలా చూపించిందో, ఏది మనిషిలా చూపించిందో తేలాలి."

కుళాయి ఫోటో పైకెత్తింది. "ఇది దేంతో?"

"రెండు కళ్ళ దాంతో."

"దాన్ని బయటికి తియ్యండి. ఈసారి కిటికీ వెనకనుంచి కాదు, ఎదురుగా నిలబడి." ఆవిడ జుట్టు వెనక్కి దువ్వుకుని, కుర్చీ వెలుతురులోకి లాక్కుంది. "కన్ను మూతపడిందా, ఇవాళ్టినుంచి వంట మీదే."