తప్పంతా తవుడుదే

కోదాడలో హుజూర్‌నగర్ రోడ్డు మీద పికప్ బండ్లకు ఇంజను ట్యూనింగ్ చేసే జానయ్య లోకంలో దేని మీదైనా తప్పు మోపుతాడు, ఒక్క మనుషుల మీద తప్ప. గేర్లు అరిగితే స్పీడ్ బ్రేకర్ల తప్పు. టర్బో పోతే ఎండల తప్పు. అద్దం పగిలితే చింతచెట్టు తప్పు. సాగర్ కాలువలో లారీ పడిందంటే "కాలువ గాడెందుకున్నది?" అని అడిగే రకం. అయినా జనం ఆయన దగ్గరికే వస్తారు. మోసే బరువును, తిరిగే దారిని బట్టి ల్యాప్‌టాప్ పెట్టి డీజిల్ లెక్క మార్చి, గేర్‌బాక్స్ సరిచేసి పంపాడంటే ముసలి బండి కూడా కోడెదూడలా ఉరుకుతుంది.

త్రిపురారం వీరేశం ఆయన షెడ్డుకు వచ్చింది మాత్రం బండి కోసం కాదు, పరువు కోసం. ఆయన పికప్ మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలుతుంది. ఆయనా, డ్రైవర్ యేసయ్యా వంతులవారీగా నడిపేవారు. క్లచ్ ప్లేటు కాలింది. మార్చారు. మళ్లీ కాలింది. మిల్లు గేటు ముందు, పదిమంది డ్రైవర్లు చూస్తుండగా, "నువ్వు డ్రైవర్‌వా, క్లచ్ ప్లేట్లు తినేటోనివా?" అంటూ వీరేశం యేసయ్య చేతిలోంచి తాళాలు లాక్కున్నాడు. ఆ మాట పడ్డాక యేసయ్యను ఎవరూ పనికి పిలవలేదు. తర్వాత బండిని వీరేశం ఒక్కడే నడిపాడు. ప్లేటు మళ్లీ కాలింది. ఈసారి తిట్టడానికి ఎవరూ లేరు.

"ఇంజన్లనే ఏదో ఉన్నది," అన్నాడు, బండిని తాడు కట్టి లాక్కొచ్చిన బామ్మర్ది జీవన్‌తో. జీవన్‌ది సూర్యాపేట. అతనికీ ఒక పికప్ ఉంది, బావను ఏడిపించేంత తీరికా ఉంది.

"ఉంటది బావా. అందరి బండ్లు ఇడిసిపెట్టి నీ దాంట్లనే ఎందుకుంటదో సూద్దాం."

జానయ్య కొత్త ప్లేటు బిగించి, వడ్ల బస్తాలు వేయించి, వీరేశాన్ని నడపమని తాను పక్కన కూర్చున్నాడు. అనంతగిరి దాకా పోయి వచ్చారు. దారి పొడుగునా ఆయన రోడ్డు చూడలేదు, మీటరు చూడలేదు. మెడ వంచి కిందికే చూస్తూ కూర్చున్నాడు.

"ఏమన్న పడ్డదా అన్నా?"

"గేర్‌బాక్స్ సప్పుడు ఇంటున్న. నువ్వు నడుపు తమ్మీ."

తిరిగొచ్చేసరికి జీవన్ చాయ్ గ్లాసుతో సిద్ధంగా ఉన్నాడు. "చెప్పు జానయ్యన్నా, తప్పెవలిది? యేసయ్యదా, మా బావదా?"

పక్క బండ్ల డ్రైవర్లు చెవులు రిక్కించారు.

"ఇద్దరిదీ కాదు," అన్నాడు జానయ్య. "తవుడుది."

"ఏందీ?"

"మిల్లు తవుడు. గాలికి లేసి క్లచ్‌ల జొరబడ్డది. ఎవలు నడిపినా కాలుతది."

జీవన్ నవ్వి నవ్వి చాయ్ ఒలకబోసుకున్నాడు. ఇంత దూరం వచ్చి పిచ్చోడి చేతిలో పడ్డానే అని వీరేశం తల దించుకున్నాడు.

జానయ్య బండిని ఉంచుకొని, బరువు మీద కింది గేర్లలో బలం వచ్చేలా ఇంజను ట్యూన్ చేశాడు. క్లచ్ పెడల్‌కు ఎడమవైపున చిన్న ఇనుప రేకు వెల్డింగ్ పెట్టాడు. "ఇది ఎర్త్ ప్లేటు. నా ట్యూనింగ్ అంత దీని మీదనే ఉన్నది. గేర్ మార్చంగనే ఎడమ కాలు దీని మీద పెట్టాలె. పెట్టకపోతే ఎర్త్ అందదు. మళ్ల నన్ననొద్దు."

వీరేశం నిష్ఠగా పెట్టాడు. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా ఎడమ కాలు పక్కకు జరిపేవాడు. బండి ఏనుగులా లాగింది, క్లచ్ ఊసే లేదు. మిల్లు దగ్గర అందరికీ ఎర్త్ ప్లేటు చూపించి తవుడు సంగతి చెప్పాడు. డ్రైవర్లు మొదట నవ్వారు, తర్వాత ఆలోచించారు, ఆఖరికి నమ్మారు. తప్పు తవుడుదని తేలాక యేసయ్యను కూడా ఒకరిద్దరు పనికి పిలిచారు. వీరేశం మాత్రం ఆ ఇంటి వైపు పోలేదు.

ఒకరోజు జీవన్‌కు జ్వరమొస్తే అతని పికప్‌ను సూర్యాపేట నుంచి వీరేశమే లోడుతో తోలుకొచ్చాడు. గేరు మార్చి ఎడమ కాలు పక్కకు జరిపాడు. అక్కడ ప్లేటు లేదు. కాలు కాసేపు వెతుక్కొని, పుట్టింటికి పోయినట్టు పోయి క్లచ్ పెడల్ మీద కూర్చుంది. కొంతదూరం పోయేసరికి మాడు వాసన. ఆయనకు బాగా తెలిసిన వాసనే. బండి ఆపి కిందికి చూశాడు. కాలు ఇంకా అక్కడే ఉంది. క్లచ్‌ను అలా సగం నొక్కి పడితే కాలక ఏం చేస్తుంది? మిల్లు గేటు, తాళాలు, యేసయ్య మొహం కళ్ల ముందు తిరిగాయి. చుట్టుపక్కల మనిషన్నవాడు లేకపోయినా సిగ్గుతో చచ్చిపోయాడు.

లోడు దించి నేరుగా కోదాడ పోయాడు. "నీకు తెల్సు జానయ్యన్నా."

"ఏం తెల్సు?"

"నా కాలు సంగతి."

"తవుడు తమ్మీ."

"అన్నా, తవుడు కాదు!"

జానయ్య స్పానర్ పక్కన పెట్టాడు. "నీ కాలంటే నీ బామ్మర్ది ముందల నువ్వు తలెత్తుకుంటవా? ఊకుంటే యేసయ్య తలెత్తుకుంటడా? తవుడుకేం, పెండ్లాం పిల్లలున్నరా, ఊళ్లె మొకం సూపియ్యాల్నా? ఎంతేసినా మోస్తది."

వీరేశం అటునుంచి అటే యేసయ్య ఇంటికి పోయాడు. గుమ్మంలో ఉన్న యేసయ్య భార్య చంద్రమ్మ లోపలికి రమ్మనలేదు. అనకపోవడమే న్యాయమనుకొని వాకిట్లోనే నిలబడ్డాడు.

"తప్పు నాదే యేసయ్యా. క్లచ్ మీద కాలు నాదే."

"తెల్సన్నా. నీ పక్కన కూసున్నోణ్ణి కాదా?"

"మరి ఆ రోజెందుకు చెప్పలే?"

"చెప్తే ఇంటుంటివా?"

వీరేశం రేపు మిల్లు గేటు ముందు అందరిలో చెప్తానన్నాడు, మళ్లీ బండెక్కమని బతిమాలాడు.

"ముందుగాల చెప్పుమను," అంది చంద్రమ్మ.

మర్నాడు అదే గేటు ముందు తాళాలు యేసయ్య చేతిలో పెట్టి, వీరేశం గట్టిగా అన్నాడు: "అందరు ఇనుండ్రి. క్లచ్‌లు కాల్చింది యేసయ్య కాదు, నేను. పెడల్ మీద కాలు పెట్టి నడిపిన."

డ్రైవర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఊకో అన్నా. యేసయ్య కోసం నీ మీదేసుకుంటున్నవ్," అన్నాడొకడు.

"ఎంత మంచి మనసు!" అన్నాడు ఇంకొకడు.

"కాదయ్యా, నిజంగ నేనే!"

"జానయ్య చెప్పనే చెప్పిండు కద, తవుడని."

ఇంతలో మిల్లు గుమస్తా పరుగున వచ్చి రెండు చేతులూ జోడించాడు. "వీరేశమన్నా, ఇగ తవుడు లొల్లి వద్దు. మా తప్పే. పొద్దుగాల్నే గేటు కాడంత ఊడిపిచ్చి నీళ్లు సల్లిచ్చిన."

చూస్తే నిజంగానే నేలంతా తడిసి ఉంది. యేసయ్య అప్పటికే బండెక్కి, స్టీరింగ్ మీద తల వాల్చి పగలబడి నవ్వుతున్నాడు.

"నువ్వటు దిక్కు ఎక్కన్నా. లేటైతది," అన్నాడు.

వీరేశం చుట్టూ తిరిగొచ్చి ఎడమ సీట్లో కూర్చున్నాడు.