చిమ్నీకి తూర్పున

పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పొగకు మాణయ్య భార్య దగ్గి దగ్గి కన్నుమూసింది. "ఆ పొగతో ఏమీ కాదు" అని యజమాని ఊరి మీటింగులో అన్న మాట మాణయ్య కడుపులో నిప్పులా ఉండిపోయింది. చలికాలంలో ఆ యజమానే బంగళాకు జాగా వెతుక్కుంటూ వస్తే, మాణయ్య చిమ్నీకి తూర్పున ఉన్న తన చెలకను నవ్వుతూ అమ్మాడు. అప్పుడు పొగంతా పడమటికి, ఊరి మీదికి పోతోంది.

ఎండాకాలంలో బంగళా లేచింది. వానాకాలం వచ్చి గాలి తూర్పుకు తిరిగింది. యజమాని భార్యకు దగ్గు పట్టుకుంది.

"ముందే ఎందుకు చెప్పలేదయ్యా?"

"పొగతోని ఏం గాదని మీరే అంటిరి గద సార్."

నెల తిరక్కుండా చిమ్నీకి ఫిల్టర్ బిగించారు. మాణయ్య పగ మాత్రం చల్లారలేదు. పక్క ఫ్యాక్టరీ మురుగు పారే నాలా ఒడ్డున అతనికి ఇంకో ఎకరం ఉంది.

"ఆ పక్క ఫ్యాక్టరీ సేటుకు గూడ బంగళా గావాల్నేమో జెర అడుగుండ్రి సార్."