ధనకోటి కలిపిన పాలు

తిరుత్తణి బస్టాండు దగ్గర ఇరవై ఏళ్లు టీ కాచిన చేతులు ధనకోటివి. అంగడి మూతపడ్డాక తిరువళ్లూరు పక్కన ఒక కాలేజీ ల్యాబులో అటెండరుగా చేరాడు. అక్కడా ఆయన చేతికి పాలే తగిలాయి. కణాలున్న స్లైడు మీద ఖాళీ జాగాలకు యాంటీబాడీ అంటుకోకుండా ముందు పాలపొడి నీళ్లు పొయ్యాలి. ఆ ల్యాబులో ఏ పరీక్షకైనా అదే ఆనవాయితీ. పొడి ఉండ కట్టకుండా కలపడం ధనకోటికే చేతనవును. పీహెచ్‌డీలు చేసినవాళ్లు కూడా ఈ విద్యలో తన ముందు దిగదుడుపేనని ఆయన నమ్మకం. పైకి అనడు లెండి, అందరూ చూసేలా కలుపుతాడంతే.

పరిశోధన చేసే కవిప్రియ అంటే ఆయనకు ప్రాణం. ఆ పిల్లకు తేలాల్సింది ఒక్కటే: తను మందు వేసిన కణాల్లో ఫలానా ప్రొటీనుకు ఫాస్ఫేటు తగులుకుందా, లేదా? ఫాస్ఫేటు ఉన్న చోటునే పట్టుకునే యాంటీబాడీ తెప్పించింది. దానికి రంగు కట్టి ఉంటుంది కాబట్టి మైక్రోస్కోపు కింద ఆ చోటు మాత్రమే పచ్చగా వెలగాలి. మూడు నెలలుగా స్లైడంతా వెలుగుతోంది, కణమేదో ఖాళీ ఏదో తెలియకుండా. యాంటీబాడీ సీసాలో ఇంకొక్కసారికే మిగిలింది. అదీ పోతే ఈ పనే వదులుకోవాలి.

ఆ పిల్ల ఏడుపు చూడలేక ధనకోటి మురుగన్‌కు కావడి మొక్కుకుని, ఆడికృత్తిక పండక్కి సెలవు పెట్టి తిరుత్తణి కొండెక్కాడు.

తిరిగొచ్చేసరికి కవిప్రియ చెయ్యి పట్టుకుని మైక్రోస్కోపు గదిలోకి లాక్కుపోయింది. చుట్టూ నలుపు. కణాల లోపల మాత్రమే పచ్చటి చుక్కలు.

"నీ మొక్కు ఫలించిందన్నా!"

ధనకోటి కళ్లు తుడుచుకున్నాడు. అలవాటుగా అర వైపు చూస్తే పాలపొడి డబ్బాకు తను వేసిపోయిన టేపు అట్లాగే ఉంది. పక్కన వేరే పొడి సీసా.

"పాలు కలపలేదా పాపా?"

కవిప్రియ తల దించుకుంది. "నువ్వు లేవు కదాని ఆల్బుమిన్ పొడి వేసినానన్నా. తర్వాత చదివితే తెలిసింది. పాల ప్రొటీనుకే బోలెడు ఫాస్ఫేటు ఉంటాదంట. యాంటీబాడీ ఇన్నాళ్లూ దాన్నే పట్టుకునింది."

ధనకోటి స్టూలు మీద కూలబడ్డాడు. మూడు నెలలు ఈ పిల్లను ఏడిపించింది తన పాలేనా! మురుగన్ తనను కొండకు పిలిపించుకుని, అడ్డం తొలగించి పని జరిపించాడన్నమాట.

"నోటుబుక్కులో రాసినావా?"

"ఆల్బుమిన్ వాడినానని రాసినా."

"పాల సంగతో?"

"అది రాయలేదన్నా." దాచింది తన కోసమేనని అర్థమై ఆయనకు కోపం వచ్చింది.

"ధనకోటి పాల వల్ల మూడు నెలలు పోయినాయని రాయి. నీ వెనక ఇంకో పిల్ల వస్తాది. అదీ ఇట్లే ఏడవాల్నా?"

ఆమె రాసేదాకా కదల్లేదు. ఇంగ్లీషులో రాసింది తెలుగులో చెప్పించుకున్నాడు. పాలున్నాయి, మూడు నెలలున్నాయి.

"నా పేరు యాడ?"

"తప్పు పాలదన్నా," అంది కవిప్రియ. "నీ చేతిది కాదు."