ఎడమ వైపు ఎర్ర స్క్రూ

ముందే చెప్పేస్తున్నాను. నేను ఏ సంగతి చెప్పినా కాస్త పెంచి చెబుతాను. మా వంటింట్లో కనబడ్డ బల్లి నేను వీధి అరుగు దాకా వచ్చి చెప్పేసరికి ఉడుమైపోతుంది. మా ఆవిడ వెనకే వచ్చి దాన్ని మళ్ళీ బల్లిని చేసి పోతుంది. కాబట్టి ఇది చదివేటప్పుడు మీ తక్కెడ మీ దగ్గరే ఉంచుకోండి. ఎక్కడ తూకం ఎక్కువైందో చివర్లో నేనే చెబుతాను.

ఇంకో మాట. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నమ్మేవాళ్ళకి ఒక సుఖం ఉంది. ఏదన్నా అర్థం కాకపోతే దెయ్యం అనేసి దుప్పటి కప్పుకుని పడుకుంటారు. నాకు ఆ వీలు కూడా లేకపోవడమే నా చిరాకంతా.

నేను విజయవాడ ఆటోనగర్ దాటాక ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేస్తాను. వెన్నెముకకి వేసే స్క్రూలు, రాడ్లు డిజైన్ చేసి, బిగించి, ఆస్పత్రులకి పంపడం మా పని. నడుంలో ఒక పూస ఇంకోదాని మీద నుంచి జారిపోతుంటే, పై పూసకి రెండు, కింది పూసకి రెండు స్క్రూలు దింపుతారు. వాటి తలల్లో ఇటొక రాడ్డు, అటొక రాడ్డు పడుకోబెట్టి బిగిస్తారు. ఎముక అతుక్కునేదాకా అవే పట్టుకుని ఉండాలి. రాడ్డు కూర్చునేదాకా స్క్రూ తల ఎటు తిప్పితే అటు తిరగాలి. పైన నట్టు బిగించాక మాత్రం జన్మలో కదలకూడదు. ఈ రెండు గుణాలూ కలిసి ఉన్న మనిషిని నేనింతవరకు చూడలేదు గానీ స్క్రూని మాత్రం తయారు చేశాను.

వీటిని టైటానియంతో చేస్తాం. సైజు తేలిగ్గా తెలియాలని సైజుకో రంగు. అది పెయింటు కాదు. లోహాన్ని పల్చటి యాసిడ్ నీళ్ళలో ముంచి కరెంటు పంపిస్తే దానంతట అదే రంగు తిరుగుతుంది. వోల్టేజి పెంచేకొద్దీ కంచు రంగు, ఊదా, నీలం, పసుపు, గులాబీ, ఆకుపచ్చ వస్తాయి. ఎరుపు మాత్రం రాదు. ఎంత కరెంటు పెట్టినా, ఎంత బతిమాలినా రాదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. ఇది నా పెంపకం కాదు, ఆ పని తెలిసిన ఎవర్నయినా అడగండి.

ఇక మా బావ సంగతి. మా అక్క భర్త. కైకలూరులో చేపల వ్యాపారం. ఆయన అక్కడ వేలంలో పాట పాడితే ఇక్కడ ప్రకాశం బ్యారేజీ మీద ఆటోవాళ్ళు బేరం మానేసి వింటారు. ఆ మనిషి ఒకరోజు ఐసు గడ్డల మీద కాలు జారి, పెట్టెల మీద వెల్లకిలా పడ్డాడు. నడుంలో నాలుగో పూస ఐదో పూస మీద నుంచి ముందుకి జరిగింది. నొప్పి సంగతి అలా ఉంచండి. అసలు భయం ఎడమ పాదంతో వచ్చింది. పాదం పైకి లేవడం లేదు. నడుస్తుంటే ఎడమ చెప్పు వెనక ఉండిపోతుంది, మనిషి ముందుకి పోతాడు. రెండడుగులకోసారి మా అక్క వంగి ఆ చెప్పు తీసుకొచ్చి తొడుగుతుంటే బావ మొహం చూడలేకపోయేవాణ్ణి. చెరువు గట్ల మీద, తడి నేల మీద బతికే మనిషికి పాదం పోతే బతుకుతెరువే పోయినట్టు.

ఆపరేషన్ తొందరగా చేయాలనీ, ఆలస్యమైతే పాదం తిరిగి రాకపోవచ్చనీ బెంజ్ సర్కిల్ దగ్గరి ఆస్పత్రిలో డాక్టరుగారు చెప్పారు. స్క్రూలు మా ఫ్యాక్టరీవే వేద్దామన్నారు.

బావ ఫోన్ చేశాడు. "ఏం బామ్మర్దీ, నువ్వు చేసిన మేకులే నా నడుంలో దిగుతున్నాయంటగా."

"మేకులు కాదు బావా, స్క్రూలు."

"ఏదో ఒకటి. నా పెళ్ళిలో చెప్పులు ఎత్తుకెళ్ళి దాచింది నువ్వే. ఇప్పుడా చెప్పు కాలికి నిలవట్లా. నీ ఉసురే తగిలిందని మీ అక్కతో అన్నా."

నవ్వాడు గానీ, ఆ నవ్వు మామూలుగా కైకలూరు నుంచి గుడివాడ దాకా వినబడేది, ఆ రోజు ఫోన్‌లో కూడా సరిగ్గా వినబడలేదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఫలానా పేషెంటుకని సెట్టు కడితే, నడుంలో ఎలా ఉంటాయో ట్రేలో అలాగే పేరుస్తాం. పై గుంటల్లో నాలుగో పూస స్క్రూలు, కింది గుంటల్లో ఐదో పూసవి. పేషెంటు బోర్లా పడుకుంటే మనం వీపు వైపు నుంచి చూసినట్టు, ఎడమ ఎడమకే, కుడి కుడికే. మా క్వాలిటీ చూసే రమాదేవిగారు పెట్టిన పద్ధతి ఇది. ఆమె సంగతి కూడా చెప్పాలి. దసరాకి ఆయుధ పూజ రోజున ఊళ్ళో లారీలకీ, లేత్ మిషన్లకీ, చివరికి ఆఫీసు స్టేప్లర్లకీ కుంకుమ బొట్లు పడతాయి. మా అసెంబ్లీ గది గుమ్మం దగ్గర మాత్రం ఆమె అడ్డంగా నిలబడతారు. కుంకుమ పొడి ఒక్క రేణువు స్క్రూ మీద పడినా అది మనిషి ఒంట్లోకి పోతుందని ఆమె వాదన. న్యాయమే. ఆ గదిలోకి ఎవరైనా టోపీ, మాస్కు, కాళ్ళకి తొడుగులు వేసుకునే రావాలి, ఫోన్లు బయట పెట్టాలి. దెయ్యం వచ్చినా ఆమె టోపీ పెట్టించి గానీ లోపలికి రానివ్వరు.

బావ సెట్టు నేనే బిగించాను. నాలుగూ నీలం రంగువి, నాలుగూ తల తిప్పి చూశాను, నట్లు పట్టించి చూశాను. ట్రేలో పేర్చి, రమాదేవిగారి సంతకం కోసం టేబుల్ మీద ఉంచి, గదికి తాళం వేసి వెళ్ళాం.

పొద్దున్నే ఆమె పిలిచారు. గొంతులో మర్యాద ఎక్కువైంది, అంటే కోపం వచ్చిందన్నమాట.

"మీ బావగారి సెట్టని బొట్టు పెట్టారా సార్?"

కింది వరసలో ఎడమ స్క్రూ ఎర్రగా ఉంది. గులాబీ కాదు, ఊదా కాదు. అమ్మవారి కుంకుమ ఎరుపు. నేను పెట్టలేదంటే ఆమె నమ్మలేదు. నమ్మాల్సిన అవసరం కూడా లేదు, ఆయుధ పూజ నాడు కుంకుమ పొట్లం జేబులో పెట్టుకుని వెళ్ళి పట్టుబడ్డ చరిత్ర నాది. స్పిరిట్ దూదితో తుడిచారు. దూది తెల్లగానే ఉంది. స్క్రూ ఎర్రగానే ఉంది.

దాన్ని రిజెక్టు డబ్బాలో వేసి, ఆ గుంటలో ఇంకో నీలం స్క్రూ పెట్టాం. రంగుల తొట్టి దగ్గర పనిచేసే సుబ్బారావుని పిలిచి చూపిద్దామని డబ్బా తీస్తే, లోపల ఉన్నది నీలంగా ఉంది. సుబ్బారావు దాన్ని అటూ ఇటూ తిప్పి, మా ఇద్దరి మొహాలూ చూశాడు.

"టైటానియంకి ఎరుపు రాదు సార్. అది రప్పించడం నాకు చేతనైతే ఈ తొట్టి పక్కన ఎందుకుంటాను" అని వెళ్ళిపోయాడు.

అతను గడప దాటగానే ట్రే వైపు చూశాం. కొత్తగా పెట్టినది ఎర్రబడింది.

ఇక్కడ నా చిరాకు మొదలైంది. దానికి ఏదన్నా లోపం ఉంటే బాగుండేది, తీసి పారేసేవాణ్ణి. కొలతలు సరిగ్గా ఉన్నాయి. తల తిరుగుతోంది. నట్టు పట్టుకుంటోంది. పాత బ్యాచ్‌లోది, నా బల్ల సొరుగులో సీలు వేసి ఉన్నది తెచ్చి పెట్టాను. అదీ ఎర్రబడింది. ఎర్రదాన్ని తీసి కుడి గుంటలో పెట్టి, కుడిదాన్ని ఎడమకి మార్చాను. కుడికి వెళ్ళినది మళ్ళీ నీలం, ఎడమకి వచ్చినది ఎరుపు. పోనీ మారేటప్పుడు చూద్దామని ఇద్దరం ఎదురుగా కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. మనం చూస్తున్నంతసేపు మారదు. ఎవరో తలుపు కొట్టి టీ అన్నారు, తల తిప్పాం, అంతే. ఎవరికన్నా ఫొటో తీసి చూపిద్దామంటే లోపలికి ఫోను రాదు. ట్రే బయటికి తెస్తే నాలుగూ నీలమే. ఈ లోకంలో దానికి నచ్చిన మనుషులం మేమిద్దరమే కాబోలు.

సైన్సు తెలిసినవాళ్ళ కోసం ఒక సంగతి ఇక్కడ రాసి పెడుతున్నాను. ఆ టేబుల్‌కి పైన గోడకి ఒక పాత ఏసీ ఉంది. లోపల ఇనుప రేకు తుప్పు పట్టి, ఒక్కో నీటి బొట్టు సరిగ్గా ట్రే ఎడమ మూల మీద పడుతుంటుంది. ఎర్ర తుప్పు నీళ్ళు, అదే మూల, మారిన ప్రతి స్క్రూ మీద. నేను ఫోన్‌లో నోరు జారితే విని మా అక్క భయపడి, దుర్గమ్మ కొండ నుంచి నిమ్మకాయా కుంకుమా తెచ్చి గేటు దగ్గర నిలబడి "ఏంట్రా ఇది, ఆయనకేమన్నా అవుతుందా" అని అడిగినప్పుడు కూడా ఈ ఏసీ సంగతే చెప్పాను. అక్క ఊపిరి పీల్చుకుంది. కుంకుమ మాత్రం గేటు లోపలికి తేవద్దని నేను బతిమాలుకున్నాను. ఉన్న ఎరుపు చాలు.

ఏసీ అయినా ఇంకేదయినా, రమాదేవిగారు సంతకం పెట్టనన్నారు. "నాకు అర్థం కాని స్క్రూని మనిషి ఒంట్లోకి పంపలేను సార్. మీ బావగారని కాదు, ఎవరైనా అంతే." రేపు ఆపరేషన్. హైదరాబాదు నుంచి ఇంకో సెట్టు తెప్పిద్దామంటే ఎల్లుండికి గానీ రాదన్నారు. వాయిదా వేస్తే పాదం సంగతేమిటి? బావ అరగంటకోసారి ఫోను. "బామ్మర్దీ, మేకులు బయల్దేరాయా? బందరు కాలవ లాకుల్లో ఏమన్నా ఇరుక్కున్నాయా?"

గత్యంతరం లేక డాక్టరుగారికి ఫోన్ చేశాను. దెయ్యమని చెప్పలేను, ఏసీ అని చెబితే ఇంకా అసహ్యంగా ఉంటుంది.

"ఐదో పూస ఎడమ స్క్రూ పాసవ్వడం లేదండీ. ఎన్ని మార్చినా ఆ ఒక్కటే ఆగిపోతోంది. రంగు తేడా."

"రంగుతో నాకేం పనండీ. గట్టిగా ఉందా లేదా?"

"ఉందండీ."

"మరింకేంటి?" అన్నారు విసుగ్గా. తర్వాత అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది. "ఎడమ ఐదా?"

"అవునండీ."

"ఆయన స్కానింగ్ మిషన్లో పడుకుని అక్కడి కుర్రాడితో చేపల రేటు మాట్లాడుతూ కదిలాడు. ఆ వైపు సరిగ్గా రాలేదు. నాకూ కొంచెం అనుమానంగానే ఉంది. ఎందుకైనా మంచిది, ఇవాళే సీటీ స్కాన్ తీయిద్దాం."

బావ తిట్టుకుంటూనే మళ్ళీ మిషన్లో పడుకున్నాడు. ఈసారి అక్క పక్కనే నిలబడి నోరు మెదపనివ్వలేదు. సాయంత్రం డాక్టరుగారే ఫోన్ చేశారు. ఐదో పూసకి ఎడమ వైపు, సరిగ్గా స్క్రూ దిగాల్సిన సన్నటి దారిలో, ఎముక చీలి ఉంది. పడ్డప్పుడు చీలినట్టుంది. అక్కడ స్క్రూ దించితే ఎముక గోడ పగిలి, పక్కనే ఉన్న నరంలోకి దూసుకుపోయే ప్రమాదం ఉందట. ఎడమ పాదాన్ని లేపే నరం అదే.

నేను ఫోను బయటే పెట్టి గదిలోకి వెళ్ళాను. రమాదేవిగారు నా మొహం చూసి ఏమైందని అడిగితే, ట్రేలో ఆ ఎర్ర స్క్రూ వైపు చూపించాను.

డాక్టరుగారు ప్లాను మార్చారు. ఎడమ వైపు ఐదో పూసని వదిలేసి, ఇంకా కింద ఉన్న పెద్ద ఎముకలోకి స్క్రూ వేస్తానన్నారు. రాడ్డు కొంచెం పొడుగు కావాలి. నేను రాడ్డు మార్చాను. ఎడమ ఐదో గుంట ఖాళీగా వదిలేసి, దాని కింద కొత్త గుంటలో స్క్రూ పెట్టాం. రమాదేవిగారూ నేనూ రెప్ప వేయకుండా దాన్ని చూశాం. తర్వాత కావాలనే, ఇద్దరం ఒక్కసారి, తల అటు తిప్పుకున్నాం.

నీలంగానే ఉంది.

ఆమె సంతకం పెట్టారు. ట్రే ఒళ్ళో పెట్టుకుని కారెక్కాను. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నంతసేపూ, సిగ్నలు పడ్డ ప్రతిసారీ ఆ ఎర్ర లైటు చూసి ట్రేని రెండు చేతులా పట్టుకున్నాను.

బావ ఇప్పుడు చెరువు గట్ల మీద తిరుగుతున్నాడు. ఎడమ చెప్పు కాలికే ఉంటోంది. మొన్న మా ఇంటికొచ్చి, గుమ్మం దగ్గర ఆ చెప్పు తనే పాదంతో విదిలించి విడిచాడు. విడవడం కూడా ఒక విద్యేనని అప్పుడు తెలిసింది. "చూసుకో బామ్మర్దీ, మళ్ళీ దాస్తావేమో" అన్నాడు. గొంతు వీధి చివర దాకా వినబడింది.

ఆ తర్వాత ఎన్నో సెట్లు కట్టాం. అదే గది, అదే టేబుల్, అదే ట్రే. ఎరుపు మళ్ళీ రాలేదు. ఆ స్క్రూలన్నీ పరీక్షకి పంపాం, అన్నీ మామూలువే అన్నారు. అది ఎందుకొచ్చిందో, ఎవరు పంపారో, బావ మీద అంత ప్రేమ ఎవరికి ఉందో నాకు తెలియదు. రమాదేవిగారు దీని గురించి మాట్లాడరు. ఈ ఏడు ఆయుధ పూజకి మాత్రం గుమ్మం బయట గడపకి ఒక బొట్టు పెట్టుకోమన్నారు. అంతవరకే.

ఇక ఒప్పుకోవాల్సినవి. బావ గొంతు బ్యారేజీ దాకా రాదు, చేపల మార్కెట్ గేటు దగ్గరే ఆగిపోతుంది. సుబ్బారావు అంత చమత్కారంగా మాట్లాడలేదు, టైటానియంకి ఎరుపు రాదని మాత్రమే అన్నాడు. ఇవి పెంచినవి.

పూర్తిగా కల్పించింది ఒక్కటే. ఆ టేబుల్ పైన ఏసీ లేదు. అది అవతలి గోడకి, తలుపు పక్కన ఉంది. కొత్తది, చుక్క నీరు కారదు. ఆ టేబుల్ పైన ఉన్నది ఖాళీ గోడ. అక్క గేటు దగ్గర నిమ్మకాయ పట్టుకుని అడిగినప్పుడు నోటికొచ్చింది చెప్పాను. తర్వాత బావకి చెప్పాను, మా ఆవిడకి చెప్పాను, ఇప్పుడు మీకూ చెప్పాను. రోజూ పొద్దున్నే ఆ గది తాళం తీయాల్సింది నేనే. తీసేముందు ఏదో ఒకటి అనుకోవాలి కదా.