ఆఖరి రీలు

పోలరాజు టాటానగర్ లోకోషెడ్డులో ఫిట్టరు. ఇన్నేళ్లయినా అక్కడ అతన్ని పేరుపెట్టి పిలిచినవాడు లేడు. "ఏయ్ మద్రాసీ" అంటారు. కాలనీ తెలుగు సంఘంలో మాత్రం అతను సెక్రటరీగారు. వచ్చే ఆదివారం ఎన్నిక. ఈసారి ప్రెసిడెంటు కావాలి.

అందుకే అవార్డు వచ్చిన సినిమా తెప్పించాడు. విజయవాడ డిస్ట్రిబ్యూటరుకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు, జుగ్సలాయిలో సినిమాహాలు పొద్దుటాటకి మాట్లాడాడు. రాజు వేషం ఇంకెవరికీ ఇవ్వని నాటక కంపెనీ యజమాని కథ అది. "అహంకారం మనిషినెలా పడగొడతాదో సూడండి" అని బిర్సానగర్‌లో తెలుగువాళ్ల ఇంటింటికీ తిరిగి చెప్పాడు.

పొద్దుటాటకి హాలు నిండింది. పోలరాజు తెర ముందు మైకు పట్టుకున్నాడు. ఆ సినిమా కోసం తను పడ్డ పాట్లన్నీ చెప్పి, సంఘం చరిత్ర ఎత్తుకున్నాడు.

"బావా, బొమ్మెయ్యి! మజ్జానం డూటీ ఉంది!" వెనకనుంచి బావమరిది సీతారాం అరిచాడు.

"ఐదే నిమిషాలు."

"ఆ ఐదూ ఇందాకే అయిపోనాయి!"

హాలు గొల్లుమంది. ఆ ఉక్రోషంలో పోలరాజు ఇంకా సాగదీశాడు.

ఎట్టకేలకు సినిమా మొదలైంది. కంపెనీ యజమాని కిరీటం పెట్టుకుని, దండలు వేయించుకుంటూ ఉండగా తెర తెల్లబడింది. లైట్లు వెలిగాయి. హాలు మాట్లాడుకున్న టైము అయిపోయింది, బయట మ్యాట్నీ హిందీ ఆట జనం తలుపులు బాదుతున్నారు.

"ఇంకొక్క రీలే ఉంది, భాయ్‌సాబ్!" పోలరాజు మేనేజరుని బతిమాలాడు.

"భాషణ్ కిస్‌నే దియా?" అని, ఉపన్యాసం ఇచ్చిందెవరని ఎదురడిగాడు మేనేజరు.

"రాజు రాజుగానే ఉండిపోనాడేటి?" అంటూ జనం నవ్వుకుంటూ బయటికి నడిచారు.

రీళ్ల పెట్టె ఆ మధ్యాహ్నం రైలుకే విజయవాడ తిరిగి వెళ్లాలి. ప్లాట్‌ఫారం మీద పోలరాజు ఆఖరి రీలు డబ్బా తెరిచి, ఫిలిం కొస ఎండకెత్తి పట్టుకున్నాడు. గోరంత బొమ్మలు. మనిషి ఉన్నాడు. నెత్తిన కిరీటం ఉందో లేదో తెలియలేదు.

పక్కనే నిలబడ్డ పెళ్లాం కస్తూరమ్మ అడిగింది. "ఆకర్న ఏటయ్యిందయ్యా ఆ మనిషికి?"

"కనబడ్డం నేదు."

"ఈసారి ప్రెసిడెంటుకి మా తమ్ముణ్ణి నిలబెడతారట," అంది కస్తూరమ్మ.

"సీతారామా? ఆడికి మైకు పట్టుకోడమే రాదు."

డబ్బా మూత సరిగ్గా పడలేదు. పోలరాజు దాన్ని గుప్పిటతో గుద్దుతూనే ఉన్నాడు.