సున్నపు గీత

నాకు చిన్నప్పటి నుంచీ ఒక మొండితనం ఉంది. పట్టుకున్నది వదలను. ఎనభై దాటాక కూడా మా కోడలు "అత్తమ్మా, జర ఊకోండ్రి" అని బతిమాలుతుంది. ఊకోవడం నాకు చేతకాదు. చేతనైతే ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాసేదాన్నే కాదు.

ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ చోట, కొండాపూర్ నుంచి మియాపూర్ దాకా, అప్పట్లో ఎటు చూసినా ఇంటెత్తు గుండ్లే. నిజాం పాలన అయిపోవచ్చిన రోజులవి. మావాళ్ల పని ఆ రాళ్లు కొట్టడం. ఒకచోట రాయి అయిపోతే గుడిసె విప్పి మరోచోట వేసుకునేవాళ్లం. ఊరే లేనివాళ్లకు బడి ఎక్కడిది? దూరాన ఉన్న సర్కారు బడిలోనూ చదువంతా ఉర్దూలోనే. నేను పొద్దంతా కంకర తట్టలు మోసేదాన్ని.

అలాంటి మా దగ్గరికి ఒక పంతులు ఎడ్లబండి మీద బడినే తోలుకొచ్చాడు. పట్నం మనిషి, పాతికేళ్లుండవు. వెనక నల్లబల్ల కట్టుకొని, రాళ్లు కొట్టే చోటల్లా తిరిగి, వారానికోసారి మా దగ్గర ఆగేవాడు. మిగతా పిల్లలు మొదట బండెక్కి ఊగడానికే వచ్చేవాళ్లు. నేను మాత్రం మొదటిరోజే బల్ల ముందు చతికిలబడ్డాను, లేవమంటే లేవలేదు.

ఒకసారి దారిలో గతుకులకు బల్ల నిలువునా చీలిపోయింది. పంతులు కాసేపు తల పట్టుకున్నాడు. తర్వాత మా గుడిసె వెనకున్న గుండు మీద సున్నంతో అక్షరాలన్నీ వరసగా రాశాడు.

"మళ్ల నేనొచ్చేదాక ఇవి చూసి దిద్దుకో. మొత్తం చదివితే పట్నంల ఆడపిల్లల బడిల చేర్పిస్త. ఉండటానికి చోటుంది, తిండికి ఫికర్ లేదు" అన్నాడు. పోతూ పోతూ, పనిలో ఉన్న మా నాయిన దగ్గర ఆగి అదే చెప్పాడు. గుండు సంగతి మాత్రం చెప్పలేదు. నాయిన ఎత్తిన సమ్మెట దించకుండానే, "చదివితే చూద్దాం తియ్యి" అన్నాడు. నాకు ఆ మాట చాలు.

రాళ్లు కొట్టేచోట ఒక కట్టుబాటు ఉంది. ఏ గుండు ఎక్కడ పగలాలో మేస్త్రీ సున్నంతో గీత గీస్తాడు. గీత పడిందంటే ఇక అడగడం ఉండదు, ఉలి పెట్టడమే. మేస్త్రీ తప్ప ఇంకెవరూ సున్నపు బుడ్డి ముట్టుకోకూడదు. పాపం, పట్నం పంతులుకు ఈ సంగతి ఎవరు చెప్తారు? అక్షరాల సంబరంలో నాకూ తట్టలేదు.

ఒక పొద్దున నేను నీళ్లకు పోయి వచ్చేసరికి నాయినా, చిన్నాయనా కలిసి ఆ గుండును పగలగొట్టేశారు. "ఇన్ని వంకరలేంది, మేస్త్రీ కల్లు తాగి గీసిండా" అని నవ్వుకుంటూనే కొట్టారట.

"నాయినా, అది నా చదువు!" అని గొంతు చించుకున్నాను.

ఆయన ముక్కల వైపు చూశాడు. ముఖం పాలిపోయింది. "గీత ఉంటే కొడ్తం బిడ్డా. మాకేమెరుక?"

ఒళ్లు మండిపోయింది. ఎవరిని తిట్టాలో తెలియక ఇనప తట్టను ఒక్క తన్ను తన్నాను. నా కాలే వాచింది. ఏడుపు ముంచుకొచ్చింది కానీ, ఏడిస్తే అక్షరాలు తిరిగి రావు కదా.

మేస్త్రీ అన్నానికి కూర్చున్న వేళ చూసి సున్నపు బుడ్డి ఎత్తుకొచ్చాను. పక్క గుండు ఎక్కి గుర్తున్నవన్నీ రాశాను. తట్టుకున్నచోట కళ్లు మూసుకొని పంతులు చెయ్యి ఎట్లా తిరిగిందో తలుచుకున్నాను. మేస్త్రీ చూడనే చూశాడు. "ఎవర్నడిగి గీసినవే? రేపు కొట్టాల్సిన గుండది!" అని నా మీదికొచ్చాడు.

ఆ కేకలకు మా నాయిన సమ్మెటతో సహా వచ్చాడు. సున్నం చూసి నిలబడిపోయాడు. గీత ముందు ఆయన ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇది ఎవరి గీత?" అని నన్ను అడిగాడు.

"నాది."

సమ్మెట కింద పెట్టాడు. "పంతులు వచ్చిపోయేదాక దీని జోలికి ఎవ్వరు పోవద్దు. పోయినంక నేనొక్కన్నే కొడ్త, నీ పని ఆగనియ్య" అన్నాడు మేస్త్రీతో. మేస్త్రీ గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు.

పంతులు వచ్చినరోజు అందరూ పని ఆపి చుట్టూ చేరారు. గుండు మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివాను. మా నాయినకు ఒక్క అక్షరమూ రాదు. అయినా నాతోపాటు ఆయన పెదవులూ కదిలాయి. చదవడం అయ్యాక, "తోలుకపో పంతులూ" అన్నాడు. అమ్మ బట్టలు మూటకట్టి నా ఒళ్లో పెట్టింది.

బండి కాస్త దూరం పోయిందో లేదో వెనక సమ్మెట మోగింది. ఆ దెబ్బ మా నాయినదే, నాకు తెలుసు. మాటిచ్చినట్టే నా గుండును ఒక్కడే కొడుతున్నాడు. దూకేసి, పరుగెత్తి, ఆయన కాళ్లు చుట్టేసుకోవాలనిపించింది.

పంతులు ఎడ్లను ఆపాడు. "దిగుతవా బిడ్డా?"

వెనక ఇంకో దెబ్బ పడింది. మూట గట్టిగా పట్టుకున్నాను.

"తోలు" అన్నాను.