తువాలు కప్పిన బేరం

ఆఫీసు పెద్ద మునీంద్రకు ఒకటే జబ్బు. ప్రోగ్రాములు రాసుకునే కోడ్ ఎడిటర్ ఎవరు ఏది చూపించినా ముందు కంప్యూటర్ తెర మీద తువాలు కప్పేవాడు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మౌస్‌ను అవతలికి నెట్టి, ఆ కప్పిన తెర ముందే కీబోర్డు టకటకలాడించేవాడు.

నంగలిలో వాళ్ల నాన్న ఆవులప్ప పశువుల సంతలో దళారి. ధర పక్కవాళ్లకు తెలియకుండా తువాలు కింద వేళ్లు పట్టుకుని ఎద్దుల బేరాలు కుదిర్చిన మనిషి. "ఆ రక్తం యాడికి పోతాది?" అని ఆఫీసంతా నవ్వుకునేది. హెడ్‌ఫోన్లలో పాటలు వింటున్నాడని అతని దగ్గర పనిచేసే మూర్తి నమ్మకం.

తమక ఊళ్లోని ఆ చిన్న ఆఫీసులో నిజానికి నవ్వే తీరిక లేదు. పాల సంఘాల కోసం చేస్తున్న సాఫ్ట్‌వేర్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడవాలి. ఒక్కొక్కరిదీ ఒక్కో ఎడిటర్. మూర్తి సర్దిన కోడ్ చైత్ర దగ్గర చెదిరేది, చైత్ర సర్దింది మూర్తి దగ్గర. అందరికీ ఒకే ఎడిటర్ తెచ్చి తీరాలని చైత్ర పంతం పట్టింది. ఇది చాలదన్నట్టు నయన ఉద్యోగం మానేస్తానంటోంది. వాళ్లందరిలో చురుకైన బుర్ర ఆమెదే. చూపు మందగించి, అక్షరాలు ఎంత పెద్దవి చేసినా అందడం లేదు. ఆమె లేని ఆఫీసు తలుచుకుంటేనే చైత్రకు దిగులు.

"సార్, ఈ ఎడిటర్ చూడండి, ఎంత అందంగా ఉండాదో! రంగులే రంగులు!" అంది చైత్ర.

మునీంద్ర తువాలు కప్పి, కాసేపు టకటకలాడించి తల అడ్డంగా ఊపాడు. "రంగు చూసి ఎద్దును కొంటారామ్మా? దీనికి నోరు లేదు. ఇంగోటి తీసుకురా."

"ఎడిటర్‌కు నోరేంది సార్?"

మూర్తి తనది తెచ్చాడు. "విండోస్‌లో గుర్రం సార్ ఇది!"

"లినక్స్‌లో?"

"ఆడ కొంచిం కుంటుతాది."

"మూడు సంతల్లోనూ నడవాల. పో అప్పా."

చైత్రకు ఒళ్లు మండింది. మూడింటి మీదా నడిచే ఇంకో ఎడిటర్ పట్టుకొచ్చి మునీంద్ర బల్ల ముందే కుర్చీ వేసుకుంది. "ఇది తేలేదాకా నేను లేచేది లేదు సార్."

తువాలు పడింది. మునీంద్ర విన్నాడు, కొట్టాడు, మళ్లీ విన్నాడు. ఉన్నట్టుండి మీసాల్లో నవ్వాడు. తువాలూ హెడ్‌ఫోన్లూ తీసుకుని తిన్నగా నయన దగ్గరికి వెళ్లి, తెర మీద ఒకటి, చెవులకు ఒకటి తగిలించాడు.

"సార్, కనపడేదే అంతంత మాత్రం. దానికీ మూతా?"

"చూడద్దమ్మా, ఇను."

ఎడిటర్ ఒక్కో వరసా చదివి వినిపిస్తోంది. నయన వేళ్లు మొదట తడబడ్డాయి, తర్వాత పరుగెత్తాయి. అంతలో ఒక్క కేక పెట్టింది.

"మూర్తీ! ఆవే లేకుండా పాలు జమ చేస్తాండావు కదప్పా ఈ కోడ్‌లో!"

ఆఫీసు గొల్లుమంది. మూర్తి తల గోక్కున్నాడు.

"ఇంగ మానేసే మాట ఎత్తద్దు," అన్నాడు మునీంద్ర.

"ఎత్తను సార్. కానీ ఈ తువాలు ఉతికించండి."

చైత్రకు సంతోషంతో పాటు ఉక్రోషమూ వచ్చింది. "ముందే చెప్పింటే మేమూ అట్లాందే ఎతికేవాళ్లం కదా సార్?"

"దొరక్కపోతే ఆ పిల్లకు ఉత్త ఆశ పెట్టినట్టయ్యేది. బేరం కుదరకముందే తువాలు తీస్తారామ్మా?"

చైత్ర తన చోటికి వెళ్లి, కొత్త ఎడిటర్ తెరిచి, తెర మీద చున్నీ కప్పింది.